పాకాలలో మూగబోయిన ఆరు కంప్యూటర్లు

ఒక మనిషి తన చేతులారా ఆరు కంప్యూటర్లను పాడు చేసినాడని ఆయన్ను ఎరిగినవాళ్ళంతా నమ్మినారు. ఆయనా నమ్మినాడు. ఆయన చెయ్యలేదు. చేసింది నేను.

ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది. ఎంత బరువని చెప్పను? పనిలో పడితే తెలిసేది కాదు. ఎవరన్నా నన్ను మంచివాడంటే మాత్రం వెంటనే తెలిసేది, చెప్పులో చేరిన రాయి మాదిరి. మీరెవరో నాకు తెలియదు. నా పేరుతో మీకు పని లేదు. అయితే నేనేం పని చేసేవాణ్ణో ముందు చెప్పాల. లేకపోతే నా తప్పు మీకు అందదు.

తిరుపతిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకునేవాణ్ణి. కొర్లగుంటలో మిద్దె మీద ఒక గది. ఒక్కణ్ణే. ల్యాబు జీతం కోసం. అసలు పని వేరే ఉండేది. ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాసుకుంటూ, ఎవరికైనా ఊరికే ఇచ్చే ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది. దాని లోలోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. ప్రాసెసరుకూ, శబ్దం పుట్టించే చిప్పుకూ మధ్య ఒక దారి ఉంటుంది, దాని పేరు ఆడియో బస్. ఆ దారిని నడిపే ప్రోగ్రామును డ్రైవరంటారు. కెర్నెల్లో ఆ డ్రైవర్లను రిపేరు చేసుకుంటూ వచ్చే నలుగురైదుగురిలో నేనొకణ్ణి. మిగతావాళ్ళ ముఖాలు కూడా నాకు తెలియవు. అంతా ఈమెయిల్లోనే.

మా అన్నకు ఒకసారి చెప్పినాను, బస్ డ్రైవర్ల పని చూస్తానని. "ఏ డిపోలో?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగినాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజుకు ఆరేడు గంటలు నేను దేనితో కుస్తీ పడతా ఉన్నానో తిరుపతిలో ఒక్క ప్రాణికి తెలియదు. తెలిసిన మనిషి పాకాలలో ఉండేవాడు. మునిరత్నం సార్.

పాకాలలో చూపులేని పిల్లలకు ఒక చిన్న బడి ఉండేది, ఒక ట్రస్టు వాళ్ళది. సార్ అందులో పద్దెనిమిదేళ్ళు పేము కుర్చీలు అల్లడం నేర్పినాడు. ఆయనకూ పుట్టుకతోనే చూపు లేదు. మద్రాసు నుంచి దాతలు ఆరు పాత కంప్యూటర్లు ఇచ్చినప్పుడు, వాటిని బాగు చెయ్యడానికి మా కాలేజీ నన్ను పంపింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాము కొనాలంటే బడి వల్ల కాదు. అందుకని మా ఉచిత సిస్టమే ఎక్కించి, అందులో ఉన్న గొంతునే పెట్టినాను. ఇంగ్లీషును ముక్కుతో మాట్లాడే గొంతు అది. సార్ దానికి 'దొర' అని పేరు పెట్టినాడు.

మూడు నెలల్లో ఆయన నన్ను దాటిపోయినాడు అంటే అబద్ధం కాదు. మీటల మీద ఆ వేళ్ళు పేము అల్లినట్టే నడిచేవి. ట్రస్టు వాళ్ళు కుర్చీల పని ఇంకొకరికిచ్చి, ఆయన్ను తాత్కాలికంగా కంప్యూటరు సారును చేసినారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. మొదటిరోజు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చినాడు.

ఆయన చెవిని గురించి చెప్పాల. డ్రైవర్లో నేనేం మార్చినా ఆదివారం పొద్దున ప్యాసింజరు ఎక్కి పాకాలకు పోయేవాణ్ణి. సార్ తల ఒక పక్కకు వంచి వినేవాడు. "మొదటి అక్షరం మింగతా ఉండాడప్పా దొర," అనేవాడు. లేదంటే, "ఎడమ పక్క రవ్వంత ఎనకబడతాది." నేనెంత విన్నా నాకు తెలిసేది కాదు. తిరుపతికి వచ్చి కోడు చూస్తే ఆయన చెప్పింది నిజమయ్యేది. మధ్యాహ్నం ఇద్దరం స్టేషను ముందు హోటల్లో తినేవాళ్ళం. ఆ కంప్యూటర్లలో ఉన్న చిప్పు చాలా పాతది, నా దగ్గర లేదు. అట్లాంటి చిప్పు మీద పరీక్ష చెయ్యడానికి నాకున్న చోటు పాకాల ఒక్కటే. మనసు విప్పి మాట్లాడటానికీ అదొక్కటే చోటు.

ఇక తప్పు.

శబ్దం లేనప్పుడు బ్యాటరీ మిగలాలని ఆ ఆడియో దారిని నిద్రపుచ్చుతాము. లేపేటప్పుడు ల్యాప్‌టాపుల్లో టప్‌మని చప్పుడొస్తోందని చాలామంది రాసినారు. లేపే పద్ధతి మార్చి నేను దాన్ని సరిచేసినాను. బాగా కుదిరింది. ఇట్లాంటి పనిలో మెప్పు దొరకడం అరుదు. ఈసారి ఒకరిద్దరు మెచ్చుకుంటూ రాసినారు. మా అందరిలో పెద్దాయన ఒకే ప్రశ్న అడిగినాడు: పాత చిప్పుల మీద పరీక్షించినావా?

పరీక్షించలేదు. ఆ ఆదివారం నేను పాకాలకు పోలేదు. పని ఉందా? లేదు. ఒళ్ళు బాగలేదా? బాగానే ఉంది. రెండు దోసెలు తిని వచ్చి పడుకున్నాను. ఎందుకు పోలేదని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగినానో. బద్ధకమా? కావచ్చు. కానీ దాని కింద ఇంకొకటి ఉందని అనుమానం. సార్ తల వంచి విని ఏదో ఒక లోపం చెప్తాడని, చెప్తే ఆ వారానికి కోడు పంపలేనని, వచ్చిన మెప్పు చల్లారిపోతుందని. పరీక్షించినాను అని జవాబు రాసినాను. మార్పు కింద కూడా ఆ మాటే చేర్చినాను. కెర్నెల్లో ప్రతి మార్పుకూ చరిత్ర ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. నా అబద్ధం నా పేరుతో సహా ఇప్పటికీ అందులో ఉంది. లోకమంతా చదవొచ్చు. ఎవరూ చదవరు.

పాకాలలో ఇంటర్నెట్టు లేదు. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా సీడీలో రాసి, పాకాల బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపేవాణ్ణి. సారే ఎక్కించుకునేవాడు. ఆ నెల కూడా పంపినాను. కొత్త మార్పుతోనే. బాగుంటుందనే అనుకున్నాను, ప్రమాణంగా.

ఆ శుక్రవారం మద్రాసు దాతలు బడి చూడటానికి వస్తున్నారు. పిల్లల చేత చదివించి చూపాలని సార్ నెలరోజులుగా తయారు చేస్తా ఉన్నాడు. వాళ్ళకు నచ్చితే ఆయన ఉద్యోగం పర్మనెంటు అయ్యేది. అన్నీ కొత్తగా ఉండాలని బుధవారం సాయంత్రం కూర్చుని నా సీడీని ఆరింటికీ ఎక్కించినాడు. ఆపి, మళ్ళీ ఆన్ చేసినాడు.

దొర పలకలేదు. ఒక్కదాంట్లోనూ.

చిప్పు పాడు కాలేదు. పాత చిప్పు నిద్ర లేచి 'ఉన్నాను' అనడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. నా కొత్త కోడు అంతసేపు ఆగదు. చిప్పే లేదనుకుని ముందుకు పోతుంది. అంతే. కళ్ళున్నవాళ్ళకు అది పాట రాని కంప్యూటరు. సారుకు అది గోడ.

శుక్రవారం దాతలు వచ్చినారు. పిల్లలు మూగ మిషన్ల ముందు చేతులు కట్టుకుని నిలబడినారంట. పావుగంట చూసి, భోజనం చేసి వెళ్ళిపోయినారు. ఆ సాయంత్రమే ట్రస్టు సెక్రటరీ కంప్యూటరు క్లాసు ఎత్తేసినాడు. రెండు మిషన్లు ఆఫీసుకు, నాలుగు స్టోరు గదికి. సార్ మళ్ళీ పేము దగ్గరికి.

ఆదివారం నేను పోయినాను. మిషన్లను ఇంకా కదిలించలేదు. సార్ నా అడుగుల చప్పుడు పట్టి లేచినాడు.

"వచ్చినావా అప్పా. దొర మూగబోయినాడు సూడు," అన్నాడు.

కూర్చున్నాను. పాత కెర్నెల్ పెట్టినాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దొర పలికినాడు. సార్ ముఖం వెలగలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడినాడు.

"యాడ తప్పు పోయినాను నేను?" అని అడిగినాడు.

మీరు కాదు సార్, నేను. అంతే అనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఎక్కించేటప్పుడు మధ్యలో ఏమన్నా ఆపినారా సార్?" అన్నాను.

ఆయన ఆలోచించినాడు. నిజాయితీగా, కష్టపడి, లేని తప్పును వెతుక్కున్నాడు.

"కరెంటు ఒకసారి పోయొచ్చింది. మళ్ళా మొదట్నించి చెయ్యాల్సిందేమో. నేను తొందరపడి ఎంటర్ కొట్టేసినట్టుండాను."

"అదే అయ్యుంటాది."

"ఆరింటికీ అదే పని చేసినానా?"

నేను సీడీని తీసి సంచిలో పెట్టుకున్నాను.

"నా వల్ల పిల్లోళ్ళ క్లాసు పాయె కదప్పా."

"పోనీలెండి సార్. ఎవరికైనా జరుగుతాది. మనసులో పెట్టుకోవద్దండి."

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఇంకొకరైతే తిట్టిందురు. నువ్వు కాబట్టి ఒక్క మాట అనలేదు," అన్నాడు.

చూసినారా? ఆయన చెయ్యని తప్పుకు నేను ఆయన్ని క్షమించినాను. ఆయన దాన్ని తీసుకున్నాడు, కృతజ్ఞతతో. అబద్ధం రాయడం కంటే, తర్వాత జరిగిన దేనికంటే కూడా, ఆ చెయ్యి నా చేతిలో ఉన్న ఆ కాసేపే నన్ను ఎక్కువగా తిన్నది. ఆఫీసు గది పక్కనే ఉంది. సెక్రటరీ లోపలే ఉన్నాడు. పోయి, తప్పు నాదని చెప్పింటే క్లాసు మళ్ళీ మొదలయ్యేదేమో. మొదలు కాకపోయినా సార్ తలెత్తుకుని ఉండేవాడు. స్టేషనుకు నడిచినాను. ప్యాసింజరు రావడానికి గంటన్నర ఉంది. బెంచీ మీద కూర్చుని ఆ గంటన్నరా పట్టాలు చూసినాను.

మళ్ళీ పాకాలకు పోలేదు. తిరుపతికి వచ్చి, 'కొన్ని పాత చిప్పులు లేవడానికి ఎక్కువ సమయం తీసుకుంటున్నాయి' అని రాసి డ్రైవరును సరిచేసినాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. పరీక్షించకుండా ఒక్క మార్పు పంపలేదు. అది ప్రాయశ్చిత్తమని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కాదు. అది భయం. ఆదివారాలు గదిలోనే గడిచేవి. శబ్దం వినిపించి బాగుందా అని అడగడానికి ఎవరూ లేరు.

నాలుగేళ్ళకు, బడిలో వంట చేసే ఆమె తిరుపతి బస్టాండులో కనబడి, మునిరత్నం సార్ గుండెపోటుతో పోయి నెలైందని చెప్పింది. సార్ సొంతూరు ఐరాలకు పోయినాను. ఆయన భార్య సరస్వతమ్మ వసారాలో శెనక్కాయలు ఒలుస్తా ఉంది. నేను ఎవరో చెప్పగానే చాప వేసింది. "నీ మాట శానా చెప్తా ఉండె నాయనా. తను అంత నష్టం చేసినా ఒక్క మాట అనలేదని," అంది. మళ్ళీ ఆయన కంప్యూటరు ముట్టలేదంట. పిల్లలెవరన్నా వచ్చి అడిగితే, నా చెయ్యి మంచిది కాదు అనేవాడంట.

అప్పుడు చెప్పినాను. తప్పు ఆయనది కాదమ్మా, నాది అని. పరీక్షించకుండా పంపినానని.

ఆమె చేతులు ఆగినాయి. "ఆయన తప్పు లేదా?"

"లేదమ్మా."

"ఒక్క పిసరన్నా?"

"ఒక్క పిసరు కూడా."

ఆమె లేచి లోపలికి పోయి, సెల్‌ఫోను తెచ్చి, సారు అన్నకు ఫోన్ చేసింది. "బావా, కంప్యూటర్లు మీ తమ్ముడు చెడగొట్టలేదంట. పంపినోళ్ళ తప్పంట," అని చెప్పింది. తర్వాత ఇంకొకరికి. తర్వాత పూతలపట్టులో ఉన్న కూతురికి. ప్రతిసారీ అదే మాట, కొంచెం గట్టిగా. నా వైపు చూడలేదు. నేను చెప్పులేసుకుని వచ్చేసినాను. పొమ్మనలేదు. ఉండమనలేదు.

చెప్పేసినాను కదా, ఇక అయిపోయింది అనుకున్నాను. కాలేదు. ఎందుకు కాలేదో నాకు తెలుసు. ఆమెకు చెప్పనిది ఒకటి ఉండిపోయింది. మీకు కూడా, చూడండి, ఇందాక బుధవారం నుంచి శుక్రవారానికి దూకేసినాను. మధ్యలో గురువారం ఉంది.

గురువారం పొద్దున ఎవరో విదేశం నుంచి ఈమెయిల్ పంపినారు. ఇదే పాత చిప్పు, కొత్త కెర్నెల్‌తో మూగబోయిందని. చదవగానే పాకాలలో ఏమైంటుందో అర్థమైంది. మధ్యాహ్నం ల్యాబులో ఫోన్ మోగింది. అటెండరు ఎత్తి, చేత్తో మూసి, "పాకాల నుంచి, మునిరత్నం సార్ అంట," అన్నాడు. నేను తల అడ్డంగా ఊపినాను. లేడని చెప్పినాడు. సాయంత్రం మళ్ళీ మోగింది. మళ్ళీ లేనని చెప్పించినాను. ఫోను అందుకుంటే ఆయన ఏమైందని అడుగుతాడు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. దాతలు రావడానికి ఇంకా ఒక రాత్రి టైముంది. నాకు తెలుసు.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. అయినా రాసేసినాక, ఇంతకాలం బిగబట్టిన ఊపిరి కొంచెం వదులైనట్టుంది. పాత కెర్నెల్‌ను నేనెప్పుడూ తీసేసేవాణ్ణి కాదు, మిషన్ ఆన్ చెయ్యగానే తెర మీద వచ్చే వరుసలో కొత్తదాని కిందే ఉంచేవాణ్ణి. ఆరోజు ఫోను అందుకుని నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. మిషన్ ఆన్ చేసినాక బీప్‌మంటుంది కదా సార్, ఆ వెంటనే కింది బాణం మీట ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టండి.