గొర్రె గంట విన్న చెవితో స్పీకర్లు కొన్న ముచ్చట

మా చిన్నప్పుడు గొర్రెకు గంట కొనాలంటే నేను ఉరకాల్సి వచ్చేది...

చిట్యాల అంగడిలో మా బాపు నాలుగైదు గంటలు ఏరి పక్కన పెట్టేవాడు. ఒక్కటీ చెవి దగ్గర మోగించేవాడు కాదు. ఒక్కోటి నా చేతికిచ్చి, దూరంగా తుమ్మచెట్ల దాకా ఉరికి అక్కడ ఊపమనేవాడు. తాను గొంగడి నెత్తిమీదికి లాక్కుని, నాకు వీపు పెట్టి నిలబడేవాడు. వినబడితే చెయ్యి లేపేవాడు. లేపకపోతే ఆ గంట ఎంత మెరిసినా వద్దు...

అమ్మేటాయన నవ్వేవాడు. "ఏమయ్యా, గంట కొంటున్నవా, పోరని కాళ్లు చూస్తున్నవా?"

"గుట్ట అవతల మంద తప్పిపోతే నువ్వొచ్చి ఎతుకుతవా?" అనేవాడు బాపు.

ఆ చెవి నాకూ వచ్చిందని నా గర్వం. నేను చదివింది రెండో తరగతే. ఇది కూడా ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, సర్దుకోకపోయినా నాకు ఫికరు లేదు. కానీ వినికిడిలో మాత్రం నన్ను మించినోడు మా దగ్గర లేడనుకునేవాణ్ని... మొన్నటి ఎండాకాలం దాకా.

మా మనవరాలు స్వరూపకు ఇంట్లో కూర్చుని చేసే కొలువు వచ్చేట్టుంది. డాక్టర్లు మాట్లాడిన రికార్డులు విని, కంప్యూటరులో రాసి పంపాలి. ముందు ఒక వారం చూస్తారట. తప్పులు ఎక్కువైతే వద్దంటారు. చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకుంటే పిల్లకు చీము కారుతుంది, దవాఖానలో వాటిని ముట్టొద్దన్నారు. అందుకని స్పీకర్లే దిక్కు.

"విని కొనే సామానంటే నేను రావాల్సిందే" అని ముందే బస్సెక్కి కూర్చున్నాను.

నల్లగొండ దుకాణంలో కంప్యూటరు, తెర స్వరూప చూసుకుంది. నాకు మాత్రం ఆ డబ్బా లోపల తిరిగే చిన్న పంకా మీద పడింది కన్ను. "గిది గిట్ల బుర్రుమంటుంటే పిల్లకు మాటెట్ల ఇనబడ్తది?" అన్నాను.

దుకాణం ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మంచి మాట అడిగినవ్ తాతా" అని, చప్పుడు తక్కువుండేది ఇంకోటి తీశాడు. నా గర్వం ఇంకో మూరెడు పెరిగింది.

ఇక స్పీకర్లు... ఒకటి జానెడెత్తు జత. ఇంకోదానికి కింద పెట్టే పెద్ద డబ్బా కూడా ఉంది, నీళ్ల గోలెమంత. "మాటలు వినేటందుకు చిన్నయే మంచిగుంటయి" అన్నాడాయన.

"ఆగు. రెండూ మోగించు" అని నేను రోడ్డు దాటాను. అవతల నిలబడి, తువ్వాల నెత్తిమీదికి లాక్కుని, వీపు పెట్టాను. లారీలు, ఆటోలు, చెరుకురసం బండి... చిన్నవి అసలే వినబడలేదు. పెద్దది కడుపులో గుద్దినట్టు వినబడింది. చెయ్యి లేపాను.

తిరిగొస్తే స్వరూప అంది, "తాతా, నేను రోడ్డవతల కూసోని పని చేస్తనా?"

"నీకు తెల్వది బిడ్డా. గిది మీ ముత్తాత నేర్పిన ఇద్దె."

పెద్దదే కట్టించుకుని బస్సెక్కాం.

ఇంట్లో, ఒకప్పుడు వడ్ల బస్తాలు వేసిన చిన్న గదిలో బల్ల వేశాం. పెద్ద డబ్బాను మూలకు నేనే నెట్టాను. మోగిస్తే గోడలు ఊగాయి, అల్మారలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. నాకు సంబురం...

మూడో రోజు స్వరూప అన్నం సగంలోనే వదిలి చెయ్యి కడిగేసుకుంది. మందు ఎంత ఇవ్వాలో తప్పు విని రాసిందట. ఇంకోసారి ఇట్లా అయితే కొలువు రాదని చెప్పారట. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

అనాల్సింది మా ఆమె అంది. "గదిల గిలాసలు సుత మాట్లాడవట్టె. అందుట్ల డాక్టరెవరో గిలాసెవరో పిల్లకెట్ల తెలుస్తదయ్యా?"

కోపం వచ్చింది. పోయి పిల్ల కుర్చీలో నేనే కూర్చుని, "పెట్టు బిడ్డా, నేను సుత ఇంట" అన్నాను. స్వరూప రికార్డు పెట్టింది. బల్ల మీద అరచెయ్యి ఆనించాను. బల్ల వణుకుతోంది. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఒక మాట ఎక్కడ ఆగి ఇంకో మాట ఎక్కడ మొదలవుతుందో తెలియాలి కదా... తెలియలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారే, మేకపిల్ల మెడకు చిన్న గంట కొన్నప్పుడు, బాపు నన్ను ఉరికించలేదు. అంగట్లోనే కూర్చుని చెవి పక్కన మెల్లగా ఊపాడు. ఎందుకని అడిగితే అన్నాడు, "గిది మన గుడిసెల మోగేది బిడ్డా. ఏది యాడ మోగాల్నో ఆడనే ఇనాలె."

ఉరికింది గుర్తుంది నాకు. ఎందుకు ఉరికించాడో మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆ డబ్బా భుజానేసుకుని నల్లగొండ పోయాను. "నీ సామాను మంచిదే. తప్పు నాది. చిన్నయి ఇయ్యి" అన్నాను. ఆయన నవ్వి మార్చి ఇచ్చాడు. తప్పు నాది అనడం నా జీవితంలో మూడోసారో, నాలుగోసారో!

ఇంటికొచ్చి గొంగడి ముక్కలు మడిచి బల్ల వణక్కుండా కింద వేసి, చిన్న స్పీకర్లు గోడకు దూరంగా, పిల్ల చెవుల ఎత్తుకు, చెరో పక్కన పెట్టాం. తలుపు మూసి, నెత్తిమీద ఏమీ కప్పుకోకుండా విన్నాను. మాట మాట విడివిడిగా... నడుమ డాక్టరు కాగితం తిప్పింది కూడా వినబడింది!

వారం గడిచింది. స్వరూప కొలువు నిలిచింది.

మా గొర్లు అమ్మి ఐదేళ్లయింది. గుట్ట చుట్టూ ప్లాట్లకు రాళ్లు పాతారు. తప్పిపోయేందుకు మందా లేదు, వెతికేందుకు జాగా లేదు. బాపు కొన్న పెద్ద గంట ఇప్పుడు స్వరూప గది తలుపుకు వేలాడుతోంది. లోపలికి పోవాలంటే వేలితో మెల్లగా తడతాను. పిల్ల రికార్డు ఆపి, "రా తాతా" అంటుంది.

గుట్ట దాటి వినబడాల్సిన గంట... తలుపు దాటితే చాలు ఇప్పుడు.

మీ పెద్దోళ్లు సామాను ఎట్లా చూసి కొనేవాళ్లు? తట్టి చూసా, ఊపి చూసా, వాసన చూసా? రాయండి... మెల్లగానైనా కూడబలుక్కుని అన్నీ చదువుతాను.