జారడానికీ పడడానికీ నడుమ

మొన్న గురువారం పొద్దున అత్త ఫోన్ చేసి, "మీ మామ లేడు బిడ్డా" అంది. గుండెపోటు. నిద్రలోనే వెళ్లిపోయాడు. హనుమకొండ బజారులో మా మేనమామ చాలామందికి చీరల దుకాణం సేటుగానే తెలుసు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఏం చేసేవాడో కొద్దిమందికే తెలుసు.

దుకాణం బంద్ ఉన్న ఆ పూట, చీరలు పరిచి చూపించే తెల్లటి పరుపు మీద నేనూ, మా తమ్ముడు రమేశూ, కొందరు దోస్తులమూ కూర్చుని కథ ఆడేవాళ్లం. మామ కథ చెప్పేవాడు. మేం తలా ఒక వీరుడు. కోటలోకి దూకుదామా, అడవిలో దాక్కుందామా అని మేం అనుకుంటే, అది కుదిరిందో లేదో పాచిక తేల్చేది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాడట ఈ ఆట. చీరల డబ్బాలు పేర్చి కొండలు కట్టేవాడు. గజం కర్రతో ఎత్తు చూపించేవాడు. రాక్షసుడిలా గర్జిస్తూ, అదే గొంతుతో "చాయ్ చల్లగైతాంది, తాగుండ్రి" అనేవాడు.

ఒక ఆదివారం నాతోపాటు ల్యాబ్‌లో పనిచేసే స్వరూపను తీసుకెళ్లాను. నర్సంపేట దగ్గరి ఊరు ఆమెది. ఆ రోజు ఆటలో మా రమేశ్ కోటగోడ మీంచి దూకేశాడు. ఆట రూల్స్ పుస్తకం ప్రకారం వీరుడి బలంలో కొన్ని పాయింట్లు పోతాయి, అంతే. "ఏం కాలే. దుమ్ము దులుపుకోని ఉరుకుతాన" అన్నాడు. అందరం నవ్వాం.

స్వరూప నవ్వలేదు. "మా నాయిన కల్లు గీసేటోడు. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. నడుము ఇరిగింది. అప్పటి సంది మంచంలనే ఉన్నడు" అంది.

రమేశ్ తల దించుకున్నాడు. మామ పాచికలు పక్కన పెట్టి, "ఈ ఎక్కుడు, దుంకుడు కథల లేకుంట చేద్దామా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"వద్దు. ఉండనీయుండ్రి. కానీ, పడుడంటే పడుడు లెక్కనే ఉండాలె."

మరుసటి వారానికి మామ రూలు మార్చేశాడు. గోడ ఎంత ఎత్తో, తడిగా ఉందో పొడిగా ఉందో, పడితే ఏమవుతుందో ముందే దాచకుండా చెప్పి, "ఎక్కుతవా?" అని అడుగుతాడు. పాచికలో ఓడినా వెంటనే పడరు. కాలు జారి వేలాడతారు. అప్పుడు పక్కవాళ్లు పట్టుకోవచ్చు, కానీ తమ చేతిలో ఉన్నది వదిలెయ్యాలి. ఎవరూ పట్టుకోకపోతే పడినట్టే. ఇక అక్కణ్ణుంచి ఆ మనిషిని మోసుకుంటూ మిగతావాళ్లు కథ నడపాలి.

"గింత కష్టమెందుకు మామా?" అన్నాడు రమేశ్.

"జారుడుకు, పడుడుకు నడుమ జర జాగ ఉంటదిరా. మనుషులు ఒకలకొకలు అక్కెరకొచ్చేది ఆ జాగలనే."

కొన్ని వారాలకు స్వరూప వీరురాలు గోడ మీద జారింది. రమేశ్ చేతిలో నెలల తరబడి ఆడి గెలుచుకున్న కత్తి ఉంది. "కత్తి ఇడిశిపెట్టిన. చెయ్యి పట్టుకున్న" అన్నాడు, ఒక్క క్షణం ఆలోచించకుండా. స్వరూప ఏడుస్తూనే నవ్వింది. మామ కళ్లు తుడుచుకుని, కత్తి లోయలో పడ్డ చప్పుడు నోటితో చేశాడు.

ఇవన్నీ స్వరూప తన ఇంటికెళ్లి నాన్నకు చెప్పేది. "ఇయ్యాల ఎవలన్న పడ్డరా?" అని ఆయన ఎదురుచూసి అడుగుతాడని తెలిసి, "ఆయననే తోలుకొద్దాం" అన్నాడు మామ. సరుకు వ్యాన్‌లో పరుపు వేసుకుని తానే వెళ్లి తీసుకొచ్చాడు. దిండ్లు ఆనించి మా మధ్య కూర్చోబెట్టాడు.

ఆయన కోసం రూలు సడలిస్తాడనుకున్నాను. సడలించలేదు. "గోడ మస్తు ఎత్తుంది. తడిగుంది. పడితె మల్ల లేవవు. ఎక్కుతవా అన్నా?"

స్వరూప నాన్న మామను తేరిపార చూశాడు.

"నన్ను గిట్ల అడిగి ఎన్నేండ్లాయెనో. అందరు వద్దనుడే" అన్నాడు. "ఎక్కుత."

ఒక మనిషిని తక్కువ చేయకుండా ప్రేమించడం ఎలాగో నేను ఆ పూట చూశాను.

పాచిక దొర్లి ఆగింది. గెలిచాడు. మేమంతా కేకలు పెట్టాం. ఆయన మాత్రం చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు.

"మీదికెక్కిన గద సేటూ. ఏం కనబడ్తాంది?"

మామ కళ్లు మూసుకున్నాడు. "పొద్దు గూకుతాంది అన్నా. కింద చెరువు. అవుతల వరిచేన్లు. గట్ల పొంటి తాటిచెట్లు, గాలికి మట్టలు గలగలమంటానయ్. నెక్కొండ దిక్కు రైలు పోతాంది..."

ఆయన కూడా కళ్లు మూసుకున్నాడు. "ఇంక?" అన్నాడు.

మామ చెబుతూనే ఉన్నాడు.