చిన్నబాపు నేర్పిన మాట

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడకట్టు మగవాళ్లంతా మరమగ్గాల మీదికి పోయేవారు. ఆడవాళ్లు అరుగుల మీద చాటలు ముందర పెట్టుకొని బీడీలు చుట్టేవారు. ఎదురింటి మామ ఒక్కడే ఆడవాళ్ల మధ్య కూర్చునేవాడు. మగ్గాల దగ్గర దూది దుమ్ముకు ఊపిరాడక ఆ పని మానేశాడు. మంచం పట్టిన తల్లికి స్నానం చేయించి, వంట ముగించి, వాకిట్లో ముగ్గు వేసి, అప్పుడొచ్చి మా బాపమ్మ, అంటే మా నాయనమ్మ, పక్కన చేరేవాడు. మా అమ్మకు తీరిక లేని రోజుల్లో నాకు జడ వేసేది కూడా అతనే.

అతని సన్నటి గొంతును, మెత్తటి నడకను మగవాళ్లు అనుకరించి నవ్వేవారు. అందరికన్నా ఎక్కువ నవ్వేది మా నాన్న తమ్ముడు, చిన్నబాపు.

మామకు కోరుట్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయిని వేములవాడ గుడిలో ఒకసారి చూశాడట. ఆమె గురించి బాపమ్మకు చెబుతూ సిగ్గుపడి తల దించుకోవడం నాకు గుర్తుంది.

అమ్మాయి తరఫువాళ్లు వచ్చిన రోజు చిన్నబాపు నాకు గోలీ సోడా తాగించి ఒక మాట నేర్పాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. "గాళ్ల ముంగట చెప్పు, మీ మామ మస్తు నవ్వుతడు" అన్నాడు. నాకప్పుడు ఏడేళ్లు.

మామ తన ఇంట్లో స్వయంగా చాయ్ కాచి అందరికీ అందిస్తున్నాడు. నేను నడుమ నిలబడి గట్టిగా చెప్పాను: "మా మామకు ఆడోళ్లు వద్దట. మొగోళ్లే కావాల్నట."

గుమ్మం దగ్గర చిన్నబాపు, అతని దోస్తులు పగలబడి నవ్వారు. వాళ్లను చూసి నేనూ నవ్వాను. వచ్చినవాళ్లలో పెద్దాయన కప్పు కింద పెట్టేశాడు.

"ఎవలో నేర్పిచ్చిన్రు పెద్దయ్యా. ఏమన్నుంటే నన్నే అడుగుండ్రి" అన్నాడు మామ.

ఎవరూ అడగలేదు. అందరూ మామ తరఫున పెద్దదిక్కుగా కూర్చున్న బాపమ్మ వైపు చూశారు. ఆమెకు అంతా తెలుసు. గుమ్మంలో ఉన్న తన కొడుకును ఒకసారి చూసి, తల వంచుకుంది. వాళ్లు లేచి వెళ్లిపోయారు.

మామ కప్పులు ఏరుతూ నా దగ్గర ఆగాడు. "నీకైతే ఎరుకలేదు బిడ్డా. ఎరుకున్నోళ్లు సుత నోరు మెదపలే" అన్నాడు. బాపమ్మకు వినిపించేలాగే అన్నాడు.

మళ్లీ అతను మా అరుగు ఎక్కలేదు. మీసం పెంచి, తిరిగి మగ్గం పనికి పోయాడు. రోజూ అతని దగ్గు మా ఇంట్లోకి వినిపించేది. తల్లి పోయాక ఇంటికి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. చిన్నబాపు మాత్రం పెళ్లిళ్లలో నన్ను పిలిచి, పదిమందిలో ఆ మాట మళ్లీ చెప్పించేవాడు. దాని అర్థం తెలిసిన ఏడాది చెప్పనన్నాను. చెంప మీద కొట్టాడు.

చిన్నబాపు నాతో అనిపించింది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నిజమే అయినా అది అతను చెప్పుకోవలసిన మాట, నేను కాదు. నా మనవరాలు బడి నుంచి కొత్త తిట్టు నేర్చుకొని వస్తే నేను కొట్టను. పక్కన కూర్చోబెట్టుకొని, ఆ మాట తగిలినవాడు ఎలా ఉంటాడో చెబుతాను. ఆ రోజు నేను కూడా నవ్వానన్న సంగతి ఏ ఒక్కసారీ దాచను.