మాటలు మోయనన్న మేరక్క

మా అక్క మేరమ్మ గత ఆదివారం ఉదయం ఉదయగిరిలో ప్రభువునందు నిద్రించింది. ఆత్మకూరులో ప్రార్థనకు బయలుదేరుతుండగా ఫోనులో ఆ వార్త విన్నాను. ముందురోజే "సెలవులకు రా, నీ చేత చేపల పులుసు చేయించుకోవాల" అన్న మనిషి! గుండెపోటు వీడ్కోలు చెప్పే వ్యవధైనా ఇవ్వలేదు.

ఉదయగిరిలో స్త్రీలు చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనిశాలకు ఆమె చాలా ఏళ్లుగా పెద్దదిక్కు. శాంతమూర్తి అని అందరూ అనేవారు. ఆ శాంతం వెనుక మా బాల్యం ఉంది.

కొండాపురం దగ్గర మా పల్లెలో నాయనకూ అమ్మకూ మనస్పర్థ వస్తే నెలల తరబడి మౌనమే. ఒకే గదిలో ఉండి కూడా, "అన్నం పెట్టమని మీ అమ్మకు చెప్పు" అనేవాడు నాయన. "చేతులు లేవా అని అడుగు" అనేది అమ్మ. ఇద్దరి మధ్యా దూత అక్కే. పరుషవాక్యాలను మృదువుగా మార్చి చెప్పేది. దొరికిపోయి ఇద్దరి చేతా తిట్లు తినేది.

అందుకే పనిచోట ఎవరు మౌనం వహించినా ఆమెకు ఊపిరాడేది కాదు. ఒకసారి ఒకామె పొద్దుటి నుంచీ పలకకపోతే, "నామీద కోపమా? నేనేమన్నా అన్నానా?" అని వెంటపడింది. చివరికి ఆమె నోరు తెరిచి వాచిన పంటి చిగురు చూపించింది. ఈ సంగతి చెప్పి అక్కే పడీపడీ నవ్వేది.

ఒక వేసవిలో నా కళ్లెదుట జరిగింది మాత్రం మరువలేనిది. పనిశాలలో చెక్కే షమీమ్ చిలుక ఆకారంలో పిడి చెక్కిన గరిటెను, తోటి పనికత్తె రమణమ్మ తన పనితనమేనని సరుకు కొనే వ్యాపారికి చూపించింది. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఒకరోజు షమీమ్, పక్కనే ఉన్న రమణమ్మ వైపు చూడకుండా, "మేరక్కా, నా ఉలి ముట్టుకోవద్దని ఆమెకు చెప్పు" అంది.

అక్క చేతిలోని చెక్కను నేలకేసి కొట్టింది.

"చిన్నప్పుడంతా ఇదే పని చేసినాను! నాయన మాట అమ్మకు, అమ్మ మాట నాయనకు. ఇంక నా వల్ల కాదు. నీ పక్కనే ఉండాది గదా, ఆమెకే చెప్పు!" అని బయటికి వెళ్లిపోయింది.

ఆమె ఆగ్రహం పనిశాలలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. రమణమ్మ తన ఉలి పక్కన పెట్టి షమీమ్ వైపు తిరిగింది. "ఆ గరిటె నాదని అబద్ధం చెప్పినాను షమీమ్. తప్పే."

"నాకు చెప్తే ఏం లాభం? ఆ వ్యాపారికి చెప్పు."

"చెప్తా. నువ్వూ పక్కనుండు."

ఆ వేసవిలోనే వ్యాపారి మళ్లీ వచ్చినప్పుడు, రమణమ్మ అక్కతో సహా అందరి ముందూ చెప్పింది కూడా. ఆ సాయంత్రం అక్క నాతో, "అమ్మా నాయనా ఒక్కసారన్నా ఇట్టా మాట్లాడుకోనుంటే..." అని ఆగింది. ఆ ముఖంలో దుఃఖం కన్నా తృప్తే ఎక్కువగా కనిపించింది.

భూస్థాపన ముగిశాక పనిశాలకు వెళ్లాను. అక్క ఫోటో ఎక్కడ పెట్టాలని వాళ్లిద్దరూ వాదించుకుంటున్నారు.

"కిటికీ పక్కన ఎండ పడతాది, ఏంది నీ తెలివి!" అంది షమీమ్.

"ఆమెకు వెలుతురిష్టం, నీకేం తెలుసు!" అంది రమణమ్మ.

ముఖాముఖి, గొంతెత్తి. తగవు తీర్చమని ఎవరూ నన్ను పిలవలేదు. ఆ కేకలు వింటూ, కారుతున్న కన్నీళ్లతోనే చిరునవ్వు నవ్వి, ఆ మహనీయురాలికి చేతులు జోడించాను. అలాంటి మనిషి మాకు మళ్లీ దొరకదు.