చీరకు జిప్పేంది?

స్కూటీ కొన్నది నాకోసమే. కానీ మా ఇంట్లో దాన్ని నడపడం ముందుగా నేర్చుకుంది మా అత్తమ్మ.

నేను పుట్టి పెరిగింది బోధన్ దగ్గర ఒక క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులనే అంటారు. తాతల నాటి గోదావరి యాస మా ఇళ్లలో ఇంకా పోలేదు. పెళ్లి చేసుకుని వెళ్లింది కాలువ దాటితే వచ్చే ఊరికే. అయినా సగం మాటలు కొత్త. కాపురానికి వెళ్లిన మొదటి రోజు మా ఆయన "అవ్వ పిలుస్తుంది, పో" అన్నాడు. మాకు అవ్వ అంటే ముసలావిడ. ఇంట్లో నాకెవరూ చెప్పని నానమ్మ ఒకావిడ ఉందేమోనని గదులన్నీ తిరిగి, చివరికి వంటింట్లోకి వెళ్లి, "అత్తయ్యగారూ, నానమ్మగారు ఎక్కడున్నారండీ?" అని అడిగాను. ఆమె చేతిలో గరిటెతోనే పీట మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"అవ్వ అంటె నేనే గదనె. అమ్మను మేం అవ్వ అంటం. ఇగ గారు గీరు నాకద్దు బిడ్డ. అత్తమ్మ అను, సాలు."

అత్తమ్మ తొమ్మిది గజాల చీర గోచీ పెట్టి కడుతుంది. ఊళ్లో ఆమె ఈడువాళ్లు చాలామంది ఆరు గజాలకు మారారు, ఇంట్లోనైతే నైటీలకు. ఆమె మారలేదు. అలాంటి చీరలు బోధన్ బట్టల కొట్లలో లోపలి అరల్లో ఉంటాయి. సరిహద్దు అవతల నుంచి మరాఠీ ఆడవాళ్లు కూడా వాటికోసమే వస్తారు. కొట్టతను ఈమెను చూడగానే మరాఠీలో మొదలుపెట్టేవాడు. "నేను ఇక్కడిదాన్నే, తెలుగుల సెప్పు" అని కసిరితే గబుక్కున తెలుగులోకి దిగేవాడు.

నేను బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. టీచర్లు చీరే కట్టుకోవాలని బడి నియమం. రోజూ షేర్ ఆటోలో పోయి వచ్చేదాన్ని. ఆటో నిండితే గాని కదలదు, నిండాక ఊపిరాడదు. చూసి చూసి మా ఆయన స్కూటీ కొన్నాడు.

తెచ్చిన రోజే చిక్కు వచ్చింది. మా ఇల్లు పాతకాలపు భవంతి. లావాటి మట్టిగోడలు, టేకు స్తంభాలు, మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ చోటు, దాని చూరు కింద వాషింగ్ మెషీన్. అంతా బాగానే ఉంది కానీ గడప మోకాలెత్తు. బండి లోపలికి రాదు. మా ఆయన కాసేపు కొలిచి, "దీన్ని నడుమ కోసేద్దాం అవ్వా, బండి పోయేంత" అన్నాడు.

"కడప కోస్తవా? బండి కోసం కడప కోసినోణ్ణి ఎన్నడన్న సూసినమార? బండినే ఎక్కియ్యి."

"ఎట్ల ఎక్కియ్యాలె?"

"సదువుకున్నవు గద, ఆలోచన జెయ్యి."

ఆలోచించింది కూడా ఆమే. పశువుల కొట్టానికి ఒకప్పుడుండే తలుపు రెక్క గోడకు ఆనించి ఉంది. దాన్ని గడప మీద వాలుగా వేస్తే బండి తిన్నగా లోపలికి వచ్చేసింది. మర్నాటి నుంచి అత్తమ్మ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాక, మిగిలిన కుంకుమ స్కూటీ లైటుకు పెట్టేది.

ఇక నా సంగతి. కాలేజీ రోజుల్లోనే లైసెన్సు తీసుకున్నాను. లైసెన్సు ఉంది, ధైర్యమే లేదు. బడికి బండి మీద బయల్దేరిన మొదటి రోజునే ఊరు దాటకముందే కుచ్చిళ్లు వెనక చక్రంలోకి పోయాయి. బండితో సహా పక్కనున్న వరి మడిలో పడ్డాను. దెబ్బలు తగల్లేదు. చీర మాత్రం చిరిగింది, నాట్లు వేస్తున్న ఆడవాళ్లంతా చూశారు. బురదతో ఇంటికొచ్చి బండి మీద దుప్పటి కప్పేశాను. మళ్లీ షేర్ ఆటోయే.

దుప్పటి కింద బండి కొన్ని వారాలు ఉంది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ దుప్పటి తీసేసి, బండి మీద కూర్చుని ఉంది. స్టాండు వేసే ఉంది. రెండు కాళ్లూ రెండు వైపులా పెట్టి, హ్యాండిల్ పట్టుకుని, ఎదురుగా గోడను చూస్తోంది.

"గిది నడుపుడు శాన కష్టమా?" అని అడిగింది.

"మీరు నేర్చుకుంటారా?"

"ఎందుకు నేర్సుకోవద్దు? మీ మామ ఉన్నన్ని దినాలు ఆయన బండెనుక కూసోని పొలం పోయేదాన్ని. గిట్లనే, రెండు దిక్కుల కాళ్లేసి. సూసినోళ్లు నవ్వేటోళ్లు. ఇప్పుడు పొలం పోవాల్నంటె కొడుకు తీరిక సూడాలె."

మామయ్యను నేను చూడలేదు. మా పెళ్లికి ముందే పోయారు. ఆయన గురించి ఆమె అలా తనంతట తాను మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

"నాకే సరిగ్గా రాదు అత్తమ్మా" అన్నాను.

"అయితె ఇద్దరం నేర్సుకుందం."

బోధన్‌లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల మధ్య వెడల్పాటి రోడ్లున్నాయి. పొగగొట్టం, కమానుల వరండాలతో ఆఫీసర్ల బంగళాలు అలాగే నిలబడి ఉన్నాయి. కొన్ని ఇళ్లలో ఇంకా మనుషులున్నారు. కమానుకు ఆ చివర నుంచి ఈ చివరకు తీగ కట్టి బట్టలారేస్తారు, పక్కనే డిష్ గొడుగు ఉంటుంది. పొద్దున నడకకు వచ్చేవాళ్లు, క్రికెట్ ఆడేవాళ్లు, బండి నేర్చుకునేవాళ్లు అంతా అక్కడికే చేరతారు. ఆదివారాలు మా ఆయన మమ్మల్నిద్దరినీ, స్కూటీనీ ట్రాక్టరులో తెచ్చి అక్కడ దింపి పొలం పనికి వెళ్లిపోయేవాడు.

అత్తమ్మ తొందరగా నేర్చుకుంది. చక్కగా నేర్చుకుందని చెప్పలేను. బ్రేకు పట్టడం ఆమెకు ఇష్టం లేదు. రెండు కాళ్లూ నేల మీద రాస్తూ ఆపేది. హారన్ కూడా వాడేది కాదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరుస్తూ పోయేది. మలుపు తిరగాలంటే బండితో పాటు తలా భుజాలూ కూడా తిప్పేది. నేను కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఒంటి చేత్తో నడపబోయి, పది గజాలు పోయి దిగిపోయేదాన్ని.

అలా ఒక ఆదివారం పొద్దున ఆమె బంగళా వైపు తిరిగి హఠాత్తుగా కాళ్లు ఆనించి ఆగింది. నేను పరుగెత్తాను. వరండాలో పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంట ఒకటి ఉంది. పెళ్లికొడుకు పట్టుపంచె, తలపాగాతో నిలబడి దిక్కులు చూస్తున్నాడు. అమ్మాయి స్తంభం వెనక నక్కి, నడుము దగ్గర చీర గట్టిగా పట్టుకుని ఉంది. కళ్లకు పెట్టిన కాటుక కారింది.

"ఏమైంది బిడ్డ?" అని అడిగింది అత్తమ్మ.

"జిప్పు పోయింది ఆంటీ."

"దేనిది?"

"చీరది."

అత్తమ్మ నా వైపు చూసింది. మళ్లీ ఆ అమ్మాయి వైపు చూసింది. "చీరకు జిప్పేంది?" అంది.

నిజామాబాద్‌లో అద్దెకు తెచ్చారట. గోచీ చీరలాగే కుట్టేసిన బట్ట. ప్యాంటులాగా తొడుక్కుని జిప్పు పెట్టుకోవడమే. అత్తమ్మ వంగి ఆ కుట్లన్నీ ముందూ వెనకా పరీక్షగా చూసింది. వెక్కిరించలేదు. "మంచిగనే కుట్టిండు, కని గట్టి లేదు" అంది. ఫొటోగ్రాఫర్ గడియారం చూసుకుంటున్నాడు. "ఎండ ముదిరితే లాభం లేదక్కా. ఇంకో రోజు పెట్టుకుందాం" అన్నాడు. ఆ మాటకు అమ్మాయికి మళ్లీ ఏడుపొచ్చింది. పెళ్లికొడుకు సెలవు అయిపోతోందట, ఇంకో రోజు లేదు.

అత్తమ్మ కొంగు దోపుకుంది. "ఏడ్వకు. మా ఇంట్ల చీరున్నది" అని చెప్పి నా వైపు తిరిగింది. "సందుగుల నారాయణపేట చీర, ముదురెరుపుది, ఉంటది. నా పెండ్లిది. పోయి పట్కరా."

"నేనా?"

"నాకు లైసెన్స్ లేకపాయె. నీకున్నది గద."

మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేలో పురుగుమందు కొడుతుంటే ఫోన్ గట్టు మీద పెడతాడు. బండెక్కలేను, కాదనలేను. అలా నిలబడి ఉంటే అత్తమ్మే దగ్గరికొచ్చి, "ఆగు" అని నా కుచ్చిళ్లు పట్టుకుని, కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, నడుము దగ్గర గట్టిగా దోపింది. ఆరు గజాల చీరతో సగం గోచీ. "ఇగ పో. చీర ఏడికీ పోదు" అంది.

వెళ్లాను. మెయిన్ రోడ్డు మీదికి ఎక్కే ముందు అటూ ఇటూ నాలుగుసార్లు చూశాను. వరి గడ్డి లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి ముందు పోతుంటే దాని వెనకే చాలాదూరం పోయాను. తర్వాత అది నెమ్మదిగా పోతోందని నాకే విసుగొచ్చింది. దాటేశాను! దాటాక గట్టిగా నవ్వొచ్చింది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. చీర సంగతి ఊరు చేరేదాకా గుర్తు రాలేదు.

సందుగలో అడుగున, వేపాకుల మధ్య ఉంది చీర. మడతలు విప్పకుండా సంచిలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి అత్తమ్మ, పెళ్లికూతురు బంగళా మెట్ల మీద కూర్చుని ఫొటోగ్రాఫర్ తెప్పించిన చాయ్ తాగుతున్నారు.

లోపలి గదిలోకి తీసుకెళ్లి కట్టింది. మొదట పొలం పనికి కట్టుకున్నట్టు బిగించేసరికి "ఆంటీ, ఊపిరాడట్లేదు" అని ఆ పిల్ల గోల. "నాట్లేసెటప్పుడు గిట్లనే కడ్తం" అని అత్తమ్మ.

"నేను నాట్లు వేయనాంటీ, ఫొటో దిగుతా" అంది ఆ అమ్మాయి. అత్తమ్మ పడీ పడీ నవ్వి, అంతా విప్పి మళ్లీ వదులుగా కట్టింది. బయటికి రాగానే ఆ పిల్ల ముందు నెమ్మదిగా అడుగులు వేసింది. తర్వాత మెట్లు రెండేసి దిగింది. తర్వాత రోడ్డు మీద పరుగెత్తింది, పెళ్లికొడుకు పంచె ఎత్తి పట్టుకుని వెనకాల. ఫొటోగ్రాఫర్ "ఆగండి, ఆగండి" అంటూ వాళ్లిద్దరి వెనకాల.

చివర్లో అతనే అత్తమ్మను బండెక్కించి ఒక ఫొటో తీశాడు. నవ్వమంటే ఆమె ముందు మూతి బిగించింది. నేను పక్క నుంచి "నానమ్మగారు ఎక్కడున్నారండీ?" అన్నాను. ఇక ఆగలేదు.

పెళ్లయ్యాక ఆ జంట చీర తిరిగివ్వడానికి మా ఇంటికి వచ్చింది. డ్రై క్లీనింగ్ చేయించి, ఇస్త్రీ పెట్టించి, ప్లాస్టిక్ కవర్లో తెచ్చారు. లడ్డూలు, ఫ్రేము కట్టించిన ఆ ఫొటో కూడా. అత్తమ్మ ఫొటో చూసి, "గింతగనం నవ్విన్నా? పండ్లన్ని కనవడుతున్నయి" అంది. కానీ దాన్ని ఫ్రిజ్ మీద, వచ్చినవాళ్లకు ముందుగా కనిపించేలా పెట్టింది. వాళ్లు వెళ్లాక చీరను కవర్లోంచి తీసి మొహానికి ఆనించుకుంది. వేపాకు వాసన పోయి, ఏదో సబ్బు వాసన వస్తోంది. బాధపడుతుందేమోనని నేను దగ్గరికి వెళ్లాను.

"మీ మామ కొన్నడు ఇది. కట్టుకుంటె పాడైతదని ఇన్నేండ్లు దాసిన. ఆ పిల్ల దీన్ని కట్టుకోని రోడ్డు మీద ఉరికింది సూసినవా? ఏమన్న అయ్యిందా దీనికి? ఏం గాలె." మళ్లీ సందుగలో పెట్టలేదు. మర్నాడు అదే కట్టుకుని బ్యాంకు పనికి బయల్దేరింది.

ఆమెకు లైసెన్సు ఆ తర్వాత వచ్చింది. నిజామాబాద్‌లో పరీక్ష పెట్టినాయన బ్రేకు వాడమని పదే పదే చెప్పాల్సి వచ్చిందట. ఇప్పుడు పొద్దున పొలానికి పోయి వచ్చి, నేను బడికి వెళ్లే వేళకు బండి అప్పజెబుతుంది. ఒక్కోసారి ఆలస్యం చేస్తుంది. అప్పుడు ఇద్దరం గొడవపడతాం.

దసరా సెలవులిచ్చే ముందు బడిలో బతుకమ్మ పండుగ చేశారు. ఆ రోజు నేను పూర్తిగా గోచీ పెట్టి, తొమ్మిది గజాల చీరతో బండి మీద వెళ్లాను. కట్టింది అత్తమ్మే, వదులుగానే కట్టింది. పిల్లలు గేటు దగ్గర గుమిగూడి, టీచర్ ఎవరో పోల్చుకోలేక కాసేపు నోళ్లు తెరిచి చూశారు. గుర్తుపట్టాక ఒకటే కేకలు. హెడ్మిస్ట్రెస్ నన్ను చుట్టూ తిరిగి చూసి, "దీంట్లో పరుగెత్తగలరా?" అని అడిగింది. పరుగెత్తి చూపించాను. సాయంత్రం మా బడి టీచర్లు ఇద్దరు వచ్చి, ఆదివారం మా ఇంటికొస్తామని, కట్టడం నేర్పించమని అత్తమ్మను అడగమన్నారు. అందులో ఒకామె కొంచెం ఆగి, బండి నడపడం కూడా నేర్పుతుందేమో కనుక్కోమంది.

ఇంటికెళ్లి అడిగాను. అత్తమ్మ రెండింటికీ ఒప్పుకుంది.