ఇప్పుడు నేనేం చెప్పాను?

ఆస్పత్రి మందుల గదిలో ఒకటో కిటికీ దగ్గర కూర్చునే బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఎవరికి ఏం చెప్పినా, చెప్పడం అవగానే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి "ఇప్పుడు నేనేం చెప్పాను?" అని అడుగుతాడు. ఎదుటివాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పేదాకా మందుల పొట్లం మీంచి చెయ్యి తియ్యడు. అర్థమైందంటే ఒప్పుకోడు. తలూపితే అసలే ఒప్పుకోడు. తలూపడానికి మెడ చాలు, అర్థం కానక్కర్లేదు అంటాడు.

ఈ జబ్బు ఆస్పత్రి గేటు దగ్గర ఆగిపోతే ఎంత బాగుండేదో. ఇంటికీ వెళ్ళింది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి, ఇప్పుడు నేనేం చెప్పానని పిన్నినే అడిగాడట ఒకసారి. రేపటినుంచి వంట మీరే చేస్తానన్నారు, అందావిడ తడుముకోకుండా. నాలుగు రోజులు వండాడు పాపం. మంగలి దగ్గరైతే, చెవుల పక్కన కొంచెం తగ్గించమని చెప్పి తిరిగి చెప్పించుకోబోయేలోపల, ఆ మహానుభావుడు పక్క కుర్చీలో మనిషికి గడ్డం గీయడం కూడా పూర్తిచేశాడు. మనవరాలు ఇంకా తెలివైంది. ఫోనెత్తగానే, తాతా, నువ్వు చెప్పబోయేది ముందే చెప్పేస్తాను విను అని మొదలుపెడుతుంది.

రెండో కిటికీకి కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇదంతా మొదటి వారం నవ్వొచ్చింది. రెండో వారం విసుగొచ్చింది. మూడో వారానికి పళ్ళు నూరుకోవడం మొదలుపెట్టింది. ఆమెది చురుకైన చెయ్యి. చీటీ ఇలా అందుకుని, మాత్రలు అలా పొట్లంలో పోసి, ఎప్పుడెన్ని వేసుకోవాలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చదువుకోండి అని అందించేసేది. ఆమె వరస పరిగెత్తేది, బాబాయ్ వరస ఉన్నచోటే ఉండేది. అక్కడ నిలబడి నిలబడి కాళ్ళు పీకినవాళ్ళు మెల్లగా ఆమె వరసలోకి దూరేవాళ్ళు. ఒకరోజు డాక్టరొకాయన తన తలనొప్పి మాత్రలకి తనే వచ్చాడు. నేను రాసిన మందే కదయ్యా అని మొత్తుకున్నా బాబాయ్ వదల్లేదు. ఆయన చేత కూడా, భోజనం చేశాక ఒకటి, మంచినీళ్ళతో అని చెప్పించి మరీ ఇచ్చాడు.

ఫిర్యాదులు పైకి పోయాయి. ఆస్పత్రి పెద్ద డాక్టరు గారు సోమవారం పొద్దున్నే దిగి వచ్చారు. శుక్రవారానికల్లా ఈ వరస ఒంటిగంటకి ఖాళీ అయిపోవాలి, కాలేదా, పై వారం నుంచి నువ్వు కింద స్టోర్ రూములో కూర్చుంటావు అన్నారు. అయిందో లేదో చెప్పాల్సింది రెండో కిటికీ అమ్మాయి. స్టోర్ రూములో అట్టపెట్టెలు తప్ప మనిషన్నవాడుండడు. ఇరవై ఏడేళ్ళు మనుషులతో మాట్లాడినవాడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? బాబాయ్ ముఖం ఒక్క నిమిషం పాలిపోయింది. అయినా పెద్ద డాక్టరు గారు చెప్పిందంతా పొల్లుపోకుండా తిరిగి ఆయనకే అప్పజెప్పి, సరిపోయిందాండీ అని అడిగి, కిటికీలోంచి తరవాతి మనిషిని పిలిచాడు. ఆ మనిషినీ అడిగాడు, ఇప్పుడు నేనేం చెప్పానని. ఇంత మొండివాణ్ణి ఎవరు మాత్రం కాపాడతారు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను అనుకుంది ఆ అమ్మాయి.

శుక్రవారం పదకొండున్నరకి ఆమె కిటికీ దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో మడిచిన పేపరు. వాళ్ళావిడ గుండె మందులు మారాయి. ఆమె ఎప్పటిలాగే అన్నీ పొట్లం మీద రాసిచ్చి, చదువుకోండి అంది. ఆయన పొట్లాన్ని కళ్ళ ముందు పెట్టుకుని, పైనించి కిందిదాకా గంభీరంగా చూసి, "చాలా స్పష్టంగా ఉందమ్మా" అన్నాడు.

పొట్లం ఆయన చేతిలో తలకిందులుగా ఉంది.

ఆ అమ్మాయి అది చూసింది. మీకు చదువు రాదా అని నలభై మంది ముందు ఎలా అడుగుతుంది? అడక్కుండా ఎలా పంపుతుంది? పక్క కిటికీలోంచి బాబాయ్ చూడనే చూశాడు.

"అమ్మాయ్, ఆయనకి నువ్వేం చెప్పావు? నాకు చెప్పు."

ఆమెకి అర క్షణం ఒళ్ళు మండింది. ఆ మరుక్షణం వెలిగింది. తెల్ల మాత్ర పొద్దున తిన్నాక సగం, ఎర్రది రాత్రి పడుకునే ముందు ఒకటి, ఇంట్లో ఉన్న పాతవి ఇక వాడొద్దు అని గట్టిగా, నిదానంగా చెప్పింది.

"నాకు సరిగ్గా వినపడలేదు. అయ్యా, ఆ అమ్మాయి ఏమంది, మీరు చెప్పండి" అన్నాడు బాబాయ్.

పెద్దమనిషి పెన్నులు సర్దుకుని చెప్పాడు. పాత అలవాటు కొద్దీ తెల్ల మాత్ర రెండన్నాడు. బాబాయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకోసారి చెప్పమన్నాడు. అమ్మాయి అందించింది, ఈసారి సగమన్నాడు. ఈ ముసలాయనకి చెవుడు కూడా మొదలైందిరా బాబూ అని వరసలో ఎవరో అన్నారు. అందరూ బాబాయ్‌ని చూసి నవ్వారు. ఆ పెద్దమనిషి కూడా జాలిగా తలాడించి, పొట్లం జేబులో పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయాడు. ఆయన వైపు ఒక్కరూ చూడలేదు.

ఆ రోజు ఒకటో కిటికీ వరస ఖాళీ అయ్యేసరికి రెండుంబావు. డబ్బాల మూతలు పెడుతూ ఆ అమ్మాయి మెల్లగా అడిగింది, బొమ్మలు గీసిస్తే సరిపోదా బాబాయ్ గారూ అని.

బాబాయ్ నవ్వాడు. ఆ తెలివి నాకూ ఉండేది, గీశాను అన్నాడు. పొద్దుటి మాత్రకి సూర్యుడు, రాత్రి మాత్రకి నెలవంక. నెల తిరిగేసరికి ఒకావిడ పొట్లం నిండుగానే పట్టుకొచ్చిందట. బొమ్మలో ఉన్నపాటి చంద్రుడు నెలకి రెండు మూడు రోజులేగా బాబూ కనిపించేది, ఆ రోజుల్లో మాత్రం తప్పకుండా వేసుకున్నానందట. మబ్బు పట్టిన రోజున పొద్దుటి మాత్ర కూడా మానేసిందట. ఆవిడ తప్పేముంది, బొమ్మ చెప్పినట్టే చేసింది. మళ్ళీ పది రోజులు మంచాన పడింది. అప్పటినుంచే ఈ జబ్బు.

"మరి డాక్టర్లని కూడా అడగడం దేనికి? అర్థం కానివాళ్ళనే అడగొచ్చుగా?"

"వాళ్ళనే అడిగాననుకో, అడిగించుకున్నవాడికి తలవంపులు. అందరినీ అడిగితే ఎవరికీ ఏమీ ఉండదు. నాకు పిచ్చనుకుంటారు. అనుకోనీ."

అప్పుడే పెద్ద డాక్టరు గారు వచ్చారు, ఫోన్లో ఏదో చూసుకుంటూ. ఎన్నింటికి అయిందమ్మా అన్నారు. రెండుంబావుకి అని ఉన్నదున్నట్టే చెప్పింది. చెప్పి, ఊరుకోలేదు. మాత్రలు పొట్లాల్లో పోసే పని రెండు కిటికీలకీ తనే చేస్తానంది. మాట్లాడే పని రెండు కిటికీలకీ బాబాయ్ చూసుకుంటే వరస ఒంటిగంటకి అయిపోతుందంది. రెండు వారాలు చూడమంది, కాకపోతే తననీ స్టోర్ రూముకి పంపెయ్యమంది. పెద్ద డాక్టరు గారు ఫోను మీంచి కళ్ళెత్తకుండా తలూపారు.

"సరే సరే. అర్థమైంది" అని వెనక్కి తిరిగారు.

ఆ అమ్మాయి గబగబా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సార్, ఇప్పుడు నేనేం చెప్పాను?"

ఆయన ఆగిపోయారు. ఒకసారి కిటికీ వైపు చూశారు, ఒకసారి ఫోను వైపు చూశారు.

"నువ్వే... స్టోర్ రూముకి వెళ్తానన్నావు. అంతేగా?"

ఆ అమ్మాయి గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి ఆయనే ఫోను జేబులో వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మళ్ళీ చెప్పు" అన్నారు.

"నిదానంగా చెప్పమ్మా" అన్నాడు బాబాయ్, డబ్బా మూత బిగిస్తూ. "ఆయనకి కొత్త కదా."