నేను విన్న బడ్జెట్

ఒకే ఒక్క రేడియో వార్త విని మా మావగారి వరి పంటను ఎలా ముంచబోయానో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజుల్లో మాత్రం నాకు ముద్ద దిగలేదు.

తొంభైల మొదట్లో మాట. దేశం బంగారం తాకట్టు పెట్టిందని పేపర్లు గగ్గోలు పెడుతున్నాయి. పొద్దున్న ఉన్న ధర సాయంత్రానికి ఉంటుందో లేదోనని జనానికి దిగులు. నేను తెనాలిలో కొత్తగా చేరిన ఎకనమిక్స్ లెక్చరర్‌ని. దేశానికి సలహా చెప్పగలనని గట్టిగా నమ్మే వయసు.

బడ్జెట్ రోజు రేపల్లె పక్కన అత్తవారి ఊళ్లో ఉన్నాను. నాట్లు పడ్డాయి. మావగారు చెప్పులేసుకుని గుమ్మంలో ఆగారు.

"అల్లుడు గారూ, ఎరువుల రేటు పెంచుతారంటున్నారు. యూరియా ఇవాళే తెచ్చెయ్యనా?"

"కంగారేంటండీ? ముందు వార్తలు విననివ్వండి."

అరుగు మీద రేడియో పెట్టాను. చుట్టూ ఊళ్లో రైతులంతా. బయట వాన, రేడియోలో గరగర. ఆ గరగరలోంచి 'సబ్' అని ఒక ముక్క, కాసేపటికి 'తగ్గింపు', ఆ తర్వాత 'ధరలు పెరిగే అవకాశం'. అంతే, మూగబోయింది.

"ఏంటండీ పెరిగేది?" అన్నారు మావగారు.

తెలియదని చెబితే లెక్చరర్‌ని ఎందుకవుతాను?

"సబ్బులండీ! ఉత్పత్తి తగ్గిస్తున్నారు. ధర మండిపోతుంది."

"మరి ఎరువులో?"

"వాటి ఊసే లేదు. నిశ్చింతగా పడుకోండి."

మా ఆవిడ సరళ గుమ్మంలోంచి, "సబ్బుల ఉత్పత్తి ప్రభుత్వం తగ్గించడమేంటండీ?" అంది.

"నీకు ఎకనమిక్స్ తెలీదు, ఊరుకో."

మావగారు చెప్పులు విప్పేశారు. అత్తగారు కొట్టుకి మనిషిని పంపి అట్టపెట్టెడు సబ్బులు తెప్పించారు. రైతులు నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లారు.

తెల్లారి పేపరొచ్చింది. 'ఎరువులపై సబ్సిడీ తగ్గింపు.' పెద్దక్షరాల్లో.

మావగారు మళ్లీ చెప్పులేసుకున్నారు. పరుగున రేపల్లె వెళ్లాం. "కొత్త రేటు తేలేదాకా అమ్మమండీ" అన్నాడు కొట్టాయన. తెనాలి వెళ్తే అక్కడా అదే మాట. అదను తప్పితే పైరు ఎదగదని మావగారు బస్సులో గొణుగుతుంటే, నేను కిటికీలోంచి చేలకేసి చూడటానికే జంకాను. చివరికి బాపట్లలో, ఎక్కువ ధరకి బస్తాలు దొరికాయి. బస్సు టాపు మీదకి నేనే ఎక్కించాను. నడుం పట్టేసింది గానీ పైరు నిలబడింది.

మరుసటి బడ్జెట్‌కి రైతులంతా మళ్లీ నా చుట్టూ చేరారు. నా మీద ఇంకా నమ్మకముందని పొంగిపోయి, "ఈసారి డీజిల్ పెరగదండీ" అన్నాను.

మావగారు లేచి, "విన్నారుగా, డబ్బాలు పట్టుకుని బంకుకి పదండ్రా!" అన్నారు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: క్లాసులో తప్ప బడ్జెట్ గురించి నోరెత్తను. అక్కడైతే ఎలాగూ ఎవరూ వినరు.